పెరటి జీడిమామిడికి నీళ్ళు

ఆ జీడిమామిడి మొక్కను మా ఇంటికి తెచ్చినవాడు నా భార్యకు మేనమామ కొడుకు. ఈ సంగతి ముందు చెప్పకపోతే నేను దానికి అన్ని నీళ్ళు ఎందుకు పోశానో అర్థం కాదు.

యాభైల మొదట్లో మాట. నాకు ఏలూరులో గుమాస్తా ఉద్యోగం. కాలువకు దగ్గర్లో ఒక పెంకుటింట్లో సగం వాటా అద్దెకు తీసుకుని కాపురం పెట్టాం. రెండో వాటాలో ఇంటావిడ ఉండేది. పెద్దావిడ, ఒంటరి మనిషి. మేం మామ్మగారు అనేవాళ్ళం. వెనక విశాలమైన పెరడు, మంచినీళ్ళ నుయ్యి, నూతి పక్కన కొబ్బరిచెట్లు. నేల నల్లమట్టి. వానాకాలంలో చెప్పు దిగితే పైకి రాదు.

మాది ఆకివీడు అవతల కొల్లేటి అంచున ఉన్న ఊరు. నా భార్యది తాడేపల్లిగూడానికి ఎగువన, ద్వారకా తిరుమల వెళ్ళే వైపు ఒక మెట్ట ఊరు. పుట్టినప్పటి నుంచి ఆమెను బావకే అనుకున్నారు. మేనరికం ఉండగా బయటి సంబంధం చూడడం ఆ రోజుల్లో పెద్ద మాట. కానీ మా మామగారు కూతురిని ఉద్యోగస్థుడికే ఇస్తానని పట్టుబట్టారు. అలా నాకు పెళ్ళయింది. నన్ను చూసి చేసుకున్నారని అనుకోవడానికి నాకెప్పుడూ వీలు లేకపోయింది. నా ఉద్యోగాన్ని చూసి చేసుకున్నారు.

మా పెళ్ళిలో, ఆచారం ప్రకారం, పెళ్ళికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొచ్చారు. అసలు మేనమామకు నడుంనొప్పి. ఆయన బదులు కొడుకు వచ్చి బుట్ట ఒక పక్క పట్టాడు. ఎత్తుగా, నల్లగా, భుజాలు విరిసి ఉన్న మనిషి. అవతలి పక్క పట్టినాయన ఆయాసపడుతుంటే ఇతను నవ్వుతూ ఏదో అన్నాడు. బుట్టలో తల వంచుకుని కూర్చున్న ఆమె కూడా నవ్వింది. తెరకు ఇవతల కూర్చున్న నాకు ఆ నవ్వు వినిపించింది. ఏమన్నాడని కాపురానికి వచ్చాక అడిగాను. "గుర్తు లేదండీ" అంది. గుర్తు లేకపోవడం ఎలా సాధ్యమో నాకిప్పటికీ తెలియదు.

ఇంకొక చిక్కు. వరసలు కలుపుకుంటే భార్యకు బావైనవాడు నాకు అన్న అవుతాడు. నాకన్నా పెద్దవాడు కూడా. కాబట్టి అతన్ని నేను "అన్నయ్యగారూ" అనాలి. అతను నన్ను "తమ్ముడుగారూ" అనేవాడు. ఆ పిలుపులో వెక్కిరింత ఉందో లేదో తేల్చుకోవడానికి చాలా కాలం ప్రయత్నించాను.

అతనికి ఏలూరు కోర్టులో ఒక పొలం దావా ఉండేది. వాయిదా పడ్డప్పుడల్లా పొద్దున్నే పాసింజరులో దిగి, కోర్టు చూసుకుని, మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేసి, సాయంత్రం బండికి వెళ్ళేవాడు. నేను ఆ వేళకు ఆఫీసులో ఉండేవాణ్ణి. ఆ దావా ఎవరు గెలిచినా సరే, తొందరగా తేలిపోవాలని నేను కోరుకున్నంతగా వాదిగాని ప్రతివాదిగాని కోరుకుని ఉండరు.

అలాంటి ఒక వాయిదా రోజున, తొలకరి పడిన కొత్తలో, ఆ మొక్క వచ్చింది. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఇద్దరూ పెరట్లో ఉన్నారు. అరుగు మీద మామ్మగారు కూర్చుని ఉంది కాబట్టి తప్పు పట్టడానికేమీ లేదు. తాటాకు బుట్టలో ఎర్రమట్టి, అందులో జానెడు మొక్క. పెరడంతటికీ ఎత్తయిన చోటు పడమటి గోడ దగ్గర ఒకటి ఉండేది. పాత గోడ కూలినప్పటి మట్టీ పెంకులూ అక్కడే పోశారు. ఆమె అక్కడ గొయ్యి తీయిస్తోంది.

"రండి తమ్ముడుగారూ," అన్నాడతను, చేతులు దులుపుకుంటూ. "మా మరదలికి పుట్టింటి మీద బెంగ పట్టుకుందని మా ఊరి మట్టితో సహా పట్టుకొచ్చా."

"ఇక్కడ బతుకుతుందంటారా?" అన్నాను.

"ఆయ్, బతక్కేమండి. దాని మానాన దాన్ని వదిలేస్తే రాయి మీదైనా బతుకుద్ది."

ఆమెకు బెంగగా ఉందని నాకు చెప్పలేదు. అతనికి చెప్పింది.

మొదట్లో ఆ మొక్క సంగతంతా ఆమే చూసుకుంది. చూసుకోవడమంటే పెద్దగా ఏమీ లేదు. పొద్దున్నే ముగ్గు వేశాక వెళ్ళి దాని ముందు నిలబడేది. ఎండలు కాస్తే ఎప్పుడైనా ఒక చెంబెడు నీళ్ళు పోసేది. కొత్త ఆకు వేస్తే వచ్చి చెప్పేది. జీడిమామిడి కొత్త ఆకు రాగి రంగులో ఉంటుంది. "చూశారా, ఎంత నునుపుగా ఉందో," అనేది. నేను కాఫీ తాగుతూ "ఊఁ" అనేవాణ్ణి. నేను పుట్టి పెరిగిన ఊరి నుంచి కూడా మా అమ్మ ఒక పారిజాతం మొక్క పంపింది. దాని ముందు ఆమె ఎప్పుడూ అలా నిలబడలేదు. నేను గమనిస్తూనే ఉన్నాను.

కొన్నాళ్ళకు నాకొక ఆలోచన వచ్చింది. ఆ మొక్కను నేను పెంచుతాను. నీళ్ళు నేను పోస్తే, పాదు నేను చేస్తే, అది నా చెట్టవుతుంది. కాయ కాసిన రోజున తెచ్చినవాణ్ణి ఎవరూ తలుచుకోరు. పెంచినవాణ్ణి తలుచుకుంటారు. ఏ పనైనా పద్ధతిగా చేయడం నాకు అలవాటు. మర్నాడే గునపం తీసుకుని మొక్క చుట్టూ ఉన్న పెంకు ముక్కలన్నీ ఏరి పారేసి, కొబ్బరిచెట్టుకు చేసినట్టు వెడల్పుగా, లోతుగా పాదు చేశాను. ఆ చోటి మెరక పోయి చదునైంది. నల్లమట్టి తెచ్చి చుట్టూ గట్టు వేసి, చుక్క బయటికి పోకుండా మెత్తాను. రోజూ ఆఫీసుకు వెళ్ళే ముందు నూతిలోంచి తోడి ఆ పాదు నిండేదాకా పోసేవాణ్ణి. సాయంత్రం వచ్చి మళ్ళీ పోసేవాణ్ణి. "చెట్టుకు నీళ్ళు" అని ఆ రోజుల డైరీల్లో ఎన్నిచోట్ల ఉందో చెప్పలేను. ఆఫీసు సంగతి రాయడం మరిచిన రోజులున్నాయి గాని అది రాయడం మరవలేదు.

మా వైపు చెట్టును ప్రేమించడమంటే అదే. మా ఊళ్ళో ఇళ్ళు దిబ్బల మీద ఉంటాయి. వర్షాలకు కొల్లేరు పొంగితే దోనె గుమ్మం దాకా వస్తుంది. వరిచేను ములిగితే కుళ్ళుతుందని పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ చెట్టు ములగదు కదా అన్నది మా లెక్క. మా నాన్నగారు స్నానం చేసినా, కాళ్ళు కడిగినా కొబ్బరి మొదట్లోనే. నీళ్ళు చాలక చెట్టు పోయిందంటే విన్నాను. ఎక్కువై పోయిందని మా వైపు ఎవరూ అనగా వినలేదు.

"అన్ని నీళ్ళు అక్కర్లేదేమోనండీ," అంది ఆమె ఒకరోజు గుమ్మంలో నిలబడి.

"ఎవరు చెప్పారు?"

"బావ చెప్పాడు కదా, దాని మానాన వదిలేయమని."

ఆ ఒక్క పేరు ఎత్తకుండా ఉంటే నేను ఆగేవాణ్ణేమో. ఆ సాయంత్రం ఇంకో రెండు బొక్కెనలు ఎక్కువ పోశాను.

మరుసటి వేసవి దాకా చెట్టు బాగానే పెరిగింది. నడుమెత్తు దాటింది. నేను పోసిన నీళ్ళ వల్లనే అనుకున్నాను. మామ్మగారు కూడా "మగవాడు ఇంత శ్రద్ధగా మొక్క పెంచడం నేనెక్కడా చూళ్ళేదమ్మా, అదృష్టవంతురాలివి," అని ఆమెతో అంది. ఆమె తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. అది నాకు నచ్చలేదు.

ఇంకో వాయిదాకు అతను వచ్చాడు. ఆ రోజు ఆదివారం కాదు, సెలవూ కాదు. అయినా ఒంట్లో బాగాలేదని నేను ఇంట్లోనే ఉన్నాను. భోజనం చేసి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినవాడు చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత పెద్దగా నవ్వాడు.

"ఇదేంటండీ తమ్ముడుగారూ, జీడిమామిడిని పెంచుతున్నారా, చేపల్ని పెంచుతున్నారా?"

ఆమె చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికే. నేను చూశాను.

"మా వైపు ఇలాగే పెంచుతామండి," అన్నాను.

"అదే కదండి. కొల్లేటివారు కదా మీరు. కాళ్ళు తడవకపోతే మీకు తోచదు." మళ్ళీ నవ్వాడు. ఎలా పెంచాలో చెప్పబోయాడు గాని నేను లోపలికి వెళ్ళి పడుకున్నాను. అతను వెళ్ళేటప్పుడు కూడా లేవలేదు.

ఆ సంవత్సరం వానలు గట్టిగా పడ్డాయి. పాదు ఎప్పుడు చూసినా నిండే ఉండేది. వానలు తగ్గాక చెట్టు ఆకులు పసుపురంగుకు తిరిగి కిందికి వేలాడడం మొదలుపెట్టాయి. వేలాడే ఆకును చూస్తే ఎవరికైనా దాహం అనే తోస్తుంది. వాన ఆగింది కాబట్టి నీళ్ళు చాలడం లేదని లెక్క వేసి, నేను మళ్ళీ రెండు పూటలా తోడడం మొదలుపెట్టాను. ఎంత పోస్తే అంత వాడిపోయింది. ఆకులు రాలాయి. ఒక కొమ్మ చివర నల్లబడింది. నిజంగా కంగారు పడ్డాను. అతను తెచ్చిన చెట్టు నా చేతుల్లో పోతే ఆ నవ్వు ఎంత పొడుగు ఉంటుందో ఊహించుకుని, భోజనం మధ్యలో లేచి వెళ్ళి నీళ్ళు పోసిన రోజు కూడా ఉంది.

అలా పోస్తుండగానే ఒక సాయంత్రం ఆమె నూతి దగ్గరకు వచ్చి చేంతాడు పట్టుకుంది. నేను లాగితే వదల్లేదు.

"ఏవండీ, మీకు ఇష్టం లేకపోతే ఒక్కసారే పీకెయ్యండి," అంది. గొంతు పెంచలేదు. "ఇలా రోజూ నా కళ్ళముందు చంపకండి."

"చంపడమేమిటి?"

"నాకు తెలియదా అండీ? బావ తెచ్చాడని మీకు కంట్లో నలుసు. వద్దన్నకొద్దీ పోస్తున్నారు. అదేం చేసింది మిమ్మల్ని?"

అంతకాలం నేను అసూయపడుతున్నానని ఆమెకు తెలియదనుకున్నాను. తెలుసు. కానీ తెలిసిన దాన్నిబట్టి ఆమె కట్టిన లెక్క తప్పు. బతికించడానికి పోస్తున్నాను అని చెప్పాలంటే, ఎందుకు బతికించాలనుకుంటున్నానో చెప్పాలి. అది చెప్పడానికి నోరు రాలేదు. పచ్చగా ఉన్న ప్రాణిని కక్షతో, పద్ధతిగా, రోజుకు రెండు పూటలు చంపగలిగిన మనిషిగా నా భార్య నన్ను చూస్తోంది. అలాంటివాడితో కాపురం ఎవరు చేస్తారు?

తర్వాత రోజుల్లో ఆమె అన్నం పెట్టింది, చొక్కాలు ఉతికింది, అడిగినదానికి జవాబు చెప్పింది. అంతే. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి మామ్మగారి వాటాలో కూర్చుని ఉండేది. నేను నీళ్ళు తోడడం మానేశాను. మానినా పాదులో నీళ్ళు ఇంకలేదు. నల్లమట్టి కదా. చెట్టుకు ఇంకా నాలుగు ఆకులు మిగిలాయి.

ఆ చెట్టుకు మందు తెలిసినవాడు నాకు తెలిసినంతలో ఒక్కడే. ఒక ఆదివారం తెల్లవారగానే చొక్కా వేసుకుని, "తాడేపల్లిగూడెం దాకా వెళ్ళొస్తాను," అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. "మా నాన్నతో చెప్పడానికా?"

"కాదు," అన్నాను. ఎవరి దగ్గరికో చెప్పలేదు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

పాసింజరు భీమడోలు దాటేదాకా కిటికీ బయట అంతా వరే. గూడెంలో దిగి బస్సెక్కితే నేల రంగు మారుతూ వచ్చింది. మా మామగారి ఊరికి ముందే ఇంకో ఊళ్ళో దిగి, అతని తోట ఎక్కడో కనుక్కుని నడిచాను. దారిపొడుగునా తిరిగిపోదామనే అనిపించింది. ఎర్రటి గరప నేల. కాలితో తంతే రాళ్ళు లేస్తాయి. ఆ నేలలో జీడిమామిళ్ళు కొమ్మలు నేల మీద వాల్చుకుని, దట్టంగా, నల్లపచ్చగా ఉన్నాయి. పాదు లేదు, గట్టు లేదు, ఎక్కడా ఒక నీటి కుండ లేదు.

అందులో పెద్ద చెట్టు కింద నులకమంచం వేసుకుని అతను పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కూర్చున్నాడు.

"ఏం తమ్ముడుగారూ, అందరూ బాగున్నారా? మా మరదలు?"

"బాగుంది. చెట్టే బాగా లేదు."

అతను నవ్వుతాడని సిద్ధపడే వెళ్ళాను. నవ్వాడు. తర్వాత, చెట్టు కోసం ఇంత దూరం వచ్చానని అర్థమయ్యాక, ఆపాడు. ఆకులు రాలడం, కొమ్మ నల్లబడడం అంతా చెప్పాను.

"వేరు కుళ్ళుతున్నట్టుందండి. గట్టు కొట్టెయ్యండి. పల్లం వైపు కాలువ తీసి నీళ్ళు వదిలెయ్యండి. మొదట్లో నల్లమట్టి తీసి, ఇసకా పెంకుముక్కలూ పొయ్యండి. నల్లబడ్డ కొమ్మ కోసెయ్యండి. ఆ తర్వాత మీరేమీ చెయ్యద్దు. మీకు అదే కష్టం గాబోలు."

"బతుకుతుందా?"

"చెప్పలేనండి. కానీ మొండి జాతి. దీన్ని చూడండి," అని తలమీది కొమ్మను చేత్తో తట్టాడు. "మేకలు రెండుసార్లు మొదలంటా తినేశాయి. మళ్ళీ లేచింది. మీ ఇంట్లోది దీని గింజే. దీన్ని నాటింది మా మరదలే కదండి. చిన్నప్పుడు మా ఇంటికొచ్చి, పండు తిని, గింజ కాల్చుకోనివ్వకుండా దాచి, ఇక్కడ పాతింది. చెప్పలేదా?"

చెప్పలేదు. నేను ఆ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాను. పట్టుకుంటే రెండు చేతులకూ అందని మొదలు. పది మంది పడుకోవడానికి సరిపోయే నీడ. ఆమె పాతిన గింజ. దాని నీడలో మంచం వేసుకుని మధ్యాహ్నాలు పడుకునేది ఇతను. మొక్క ఎందుకు తెచ్చాడో, ఆమె దాని ముందు ఎందుకు నిలబడేదో అప్పుడు తెలిసింది. తెలిసినందువల్ల మనసు తేలిక పడిందని చెప్పలేను. అంతవరకు ఒక జానెడు మొక్క మీద ఉన్న కడుపుమంట ఆ మహావృక్షం మీదికి మళ్ళింది. నా దగ్గర ఉన్నది చావబోతున్న పిల్ల. అతని దగ్గర ఉన్నది తల్లి.

భోజనం చేసి వెళ్ళమన్నాడు. బండి వేళయిందని అబద్ధం చెప్పి వచ్చేశాను. స్టేషన్లో చాలాసేపు ఊరికే కూర్చోవలసి వచ్చింది.

ఇంటికి రాగానే చొక్కా విప్పి గునపం తీసుకున్నాను. ఆమె వంటింటి కిటికీలోంచి చూసింది. పీకేస్తున్నాననుకుందేమో, గబగబా పెరట్లోకి వచ్చింది. నేను గట్టు కొట్టి, పల్లం వైపు కాలువ తీశాను. పాదులో నిలిచిన నీళ్ళు బయటికి పోయాయి. మురుగు వాసన వేసింది. నల్లమట్టి చేత్తో తీస్తుంటే, ఆమె గోడ వారనున్న పెంకుముక్కలు తట్టలో ఎత్తి తెచ్చి నా పక్కన పోసింది.

"ఇలా చెయ్యమని ఎవరు చెప్పారండీ?"

"మీ బావ."

"ఎప్పుడు?"

"పొద్దున. తోటకు వెళ్ళాను."

తట్ట కింద పెట్టి నావైపు చూసింది. "బావ దగ్గరికా? మీరా?"

"నేను చంపాలని పొయ్యలేదు. ఆ మాట వేరే ఎలా చెప్పాలో తెలియలేదు."

తట్ట మళ్ళీ ఎత్తుకుంటూ అంది, "తెలిసిందండీ. చంపదలుచుకున్నవాళ్ళు బతికించమని బావ గుమ్మం ఎక్కరు. మీరైతే అసలే ఎక్కరు."

నేను మట్టి తీస్తూ ఉన్నాను.

"నీ చెట్టు చూశాను," అన్నాను తర్వాత.

"చూశారా? ఎంతయింది?" పక్కనే కూలబడింది. "నేను వచ్చేసరికి ఇంకా వెడల్పు కాలేదు. కొమ్మలు నేలకు దిగాయా? కాపు బాగుందా?" వరసగా అడుగుతూనే ఉంది. నేను చేతులు చాచి మొదలు ఎంతుందో చూపించాను.

"దాని కింద ఎవరైనా కూర్చుంటున్నారా?"

"మీ బావే. నులకమంచం వేసుకుని."

"మంచం కూడా వేశాడూ!" అని నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు అతని మంచం గురించి కావడమొక్కటే నాకు బాధ.

"నువ్వే నాటావని నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పనండీ? ఆ మొక్క పేరెత్తితే చాలు, మీ మొహం అదోలా అయిపోయేది."

నేను లేచి కత్తి తెచ్చి, నల్లబడ్డ కొమ్మ కోసేశాను.

ఏమీ చెయ్యకుండా ఉండడం అన్నాడు చూడండి, అది నిజంగానే కష్టం. పొద్దున్నే చేతులు నూతివైపు పోయేవి. ఆమె గుమ్మంలో నిలబడి చూసేది. నేను చేతులు వెనక్కి కట్టుకుని చెట్టు చుట్టూ తిరిగి వచ్చేసేవాణ్ణి. మిగిలిన నాలుగాకులూ రాలిపోయాయి. బోసి కొమ్మలు చూసి మామ్మగారు "అయ్యో, శ్రద్ధ తగ్గిపోయిందే," అంది. చలి వెళ్ళాక, కోసిన కొమ్మకు కిందుగా, మొదట్లో రాగి రంగు చిగురు కనిపించింది. మొదట నేను చూశాను. ఆఫీసు వేళ దాటిపోతున్నా సరే, ఆమెను పిలిచి చూపించి వెళ్ళాను. మొదట చూసింది నేనేనని రెండుసార్లు చెప్పాను కూడా.

తర్వాతి వాయిదాకు అతను వచ్చాడు. ముందు చెట్టు దగ్గరికే వెళ్ళాడు. ఈసారి నేను సెలవు చీటీ రాసిచ్చి మరీ ఇంట్లో ఉన్నాను.

"లేచిందే!" అన్నాడు. "చూశావా మరదలా, నేను చెప్పబట్టి దక్కింది. లేకపోతే ఈపాటికి పొయ్యిలోకి పోయేది."

"నువ్వు మంచం మీద పడుకుని చెప్పావు బావా," అంది ఆమె, కత్తిపీట ముందు కూర్చుని, తల ఎత్తకుండా. "మట్టి తీసింది ఆయన. చేతులు కట్టుకుని ఊరుకుంది కూడా ఆయనే. నీకైతే అందులో ఒక్కటీ చేతకాదు."

అతను నావైపు చూసి, "అంతేనంటారా తమ్ముడుగారూ?" అన్నాడు.

"అంతేనండి అన్నయ్యగారూ," అన్నాను. ఆ వరస మొదటిసారి సుఖంగా నోట్లోంచి వచ్చింది.

ఇద్దరికీ పక్కపక్కనే విస్తళ్ళు వేసింది. వేడన్నం మీద నెయ్యి ముందు అతనికి వడ్డించి, తర్వాత నా దగ్గరికి వచ్చింది. నేను ఆమె మొహంలోకి చూశాను. "ఇంటికొచ్చినవాళ్ళకు ముందు వడ్డించాలి కదండీ," అంది మెల్లగా. నిజమే. అయినా అతని విస్తట్లోకి ఎంత నెయ్యి పడిందో చూసి, నా విస్తట్లోనూ అంతే పడేదాకా చెయ్యి అడ్డం పెట్టలేదు.